ఇరవై ఒక్క అక్షరాలు

ఆకు అబద్ధమాడదంటారు.
ఈ మొక్క ఆకు అసలు నోరే విప్పదు.

సెరెరె దాటాక ఎర్రమట్టి దారి.
జీపు వెనక ఐసు పెట్టె, అందులో నలభై గొట్టాలు,
ఒక్కో గొట్టంలో గోరంత ఆకు.
గొట్టం మీద నా చేతిరాత:
పొలం, తేదీ, మనిషి పేరు.

అములెన్ చేలో కర్రపెండలం
నా తల దాటి పెరిగింది.
"దిష్టి తగిలేలా లేదూ?" అంది నవ్వుతూ.
దుంప తవ్వి అడ్డంగా కోశాను.
తెల్లటి పిండిలో గోధుమరంగు మరకలు,
తుప్పు మేకులు దిగ్గొట్టినట్టు.
రెండోది తనే కోసింది.
మూడోది కోయలేదు.

వైరస్‌కి కాళ్ళు లేవు, ఊపిరి లేదు.
తొమ్మిది వేల అక్షరాల ఒకే ఒక్క వాక్యం.
చదివిన కణమల్లా
సొంత పని మానేసి
దాన్నే తిరగరాస్తూ కూర్చుంటుంది.

మొక్కకి నెత్తురు లేదు, పారిపోను పాదం లేదు.
ఉన్నదల్లా ఒక కత్తెర.
పరాయి వాక్యం రెండు పేటలుగా మెలిపడిన చోట
ఒడిసిపట్టి తరుగుతుంది,
ఇరవై ఒక్క అక్షరాలకొక ముక్క.
తరిగి పారేయదు.
ముక్క చేతికిచ్చి కాపలావాణ్ణి పంపుతుంది:
ఈ పోలిక ఎక్కడ కనబడ్డా తెగ్గొట్టు.
వైరసేం తక్కువ తిన్నదా,
ఆ ముక్కల్ని మూటగట్టి దాచేసే దొంగను
వెంటబెట్టుకునే వస్తుంది.
తగువు తెల్లవార్లూ సాగుతుంది ఆకు లోపల.
గాలికి ఊగుతున్న చేను చూసి మనం
ఎంత హాయిగా ఉందో అనుకుంటాం.

నలభైలో ముప్పై ఒక్కటి వెలిగాయి తెరమీద.
వాక్యాలు పక్కపక్కన పేర్చాను.
అక్కడొక అక్షరం, ఇక్కడొక అక్షరం తేడా,
మిగతాదంతా ఒకే గొంతు.
తెల్లదోమ మీద నేరం మోపుదామనుకున్నాను.
తెల్లదోమ అంత దూరం మోయలేదు.
వాగు దాటి, రెండు సంతలు దాటి వెళ్ళింది
సైకిలు మీద.

కరువు ఏడాది తర్వాత
అములెన్ కర్రలు పంచిపెట్టింది, కట్టలు కట్టలుగా.
చర్చి మెట్ల మీద పెట్టి, ఎవరికి కావాలంటే వాళ్ళకి.
డబ్బిస్తే కసిరింది.
ఆమె హస్తవాసి మంచిదని
ఇప్పటికీ అంటుంది ఊరు.

రిపోర్టులో ఒక గడి ఉంటుంది: మూలం.
ఖాళీగా వదిలి వారం తిరిగాను.
డాక్టర్ ఒపొలోట్ పెన్నుతో ఆ గడి మీద తట్టి
ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

ఆమెకు నేనే చెప్పాను, వంటపాక గడపలో నిలబడి.
పొయ్యిమీద అతాపా గరిటెతో తిప్పుతోంది,
తిప్పడం ఆపలేదు.
"అబ్వాంగో పిల్లాడు ముద్ద చేదుగా ఉందని ఉమ్మేశాడే
నిరుడు, అదీ నా కట్టేనా?"
అదీ.
"వాడి వీపు మీద ఒకటేశాను కూడా,
అన్నాన్ని ఉమ్ముతావా అని."

చేను పీకి తగలబెట్టింది.
పొగ రెండు రోజులుంది.

మా మడుల్లో ఒక రకం ఉంది,
పేరింకా పెట్టలేదు, అంకె మాత్రమే.
జబ్బు తల్లి కర్ర నుంచి నాటినా
కొన్నిసార్లు కొత్త చిగురు కడిగినట్టు వస్తుంది.
ఎందుకో సగమే తెలుసు మాకు.
మిగతా సగం కోసం గొట్టాలు నింపుతున్నాం.
"మరిచిపోయిందా జబ్బుని?" అనడిగింది అములెన్.
లేదు, గుర్తుపెట్టుకుంది, అన్నాను.
గుర్తుంది కాబట్టే చిగురు శుభ్రంగా ఉంది.
నమ్మినట్టు లేదు.

తొలకరికి సైకిలు తోసుకుంటూ వచ్చింది స్టేషనుకి.
పరీక్షించిన శుభ్రమైన కర్రలు ముప్పై ఒక్క కట్టలు కావాలంది.
పదకొండే ఉన్నాయన్నాను.
"సరే, మళ్ళీ వస్తా" అంది.
తన చేను లెక్కలో కలుపుకోలేదని
ఆమె గేటు దాటాక తట్టింది నాకు.

కట్టలు బిగించే ముందు
ఒక కర్ర తీసి ఫటాలున విరిచింది,
లోపలికి చూసింది.
కర్రలో ఏమీ కనబడదని ఆమెకీ తెలుసు.
అయినా ఎండకెత్తి పట్టుకుని
చాలాసేపు చూసింది.